రాబందులను కాపాడే పని పశువుల సాలలో మొదలవుతుంది: విశాఖ ప్రాంతవాసులకు సమగ్ర మార్గదర్శి

రాబందుల కోసం మామూలు మనుషులం ఏం చేయగలమని అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. వారిలో చాలామంది విశాఖ నగరంలో ఉంటారు. కొందరికి ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు పల్లెల్లో పాడి ఉంది. అడిగే తీరు మాత్రం దాదాపు ఒక్కటే: ఏ కొండకు వెళ్ళాలి, ఎక్కడ మేత పెట్టాలి, ఏ బైనాక్యులర్ కొనాలి? మంచి మనసుతో అడిగిన ప్రశ్నలే ఇవన్నీ, కానీ వరుస తలకిందులుగా ఉంది. రాబందును ఎక్కువగా చంపినది పశువుకు వేసే నొప్పిమందు.

అందుచేత ఇక్కడ ముందు మందు, తరువాత కళేబరం, ఆ తరువాత విషం, చెట్టు, కొండ, చివరగా పక్షి పరిశీలన అనే వరుస పాటించాను. దయచేసి ఈ వరుసను మార్చవద్దు. మందు సంగతి తేలకుండా ఎక్కడో కళేబరాలు వేసి రాబందులను పిలవడమంటే వాటికి విషపు విస్తరి వేయడమే.

1. పని మొదలుపెట్టే ముందు

1.1 తెలిసి ఉండవలసిన సంగతులు

డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు వేసిన పశువు కొద్ది గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో చనిపోతే, ఆ మందు మాంసంలో, ముఖ్యంగా కాలేయంలోనూ మూత్రపిండాల్లోనూ మిగిలిపోతుంది. ఆ కళేబరాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు దెబ్బతింటాయి. యూరిక్ ఆమ్లం తెల్లని సుద్దలా లోపలి అవయవాల మీద పేరుకుంటుంది. పక్షి కొద్ది రోజుల్లోనే చనిపోతుంది.

ఒక్క కళేబరం మీద పదుల సంఖ్యలో రాబందులు వాలుతాయి కాబట్టి, మందు కలిసిన కళేబరాలు నూటికి ఒకటి కన్నా తక్కువగా ఉన్నా మొత్తం జాతి కూలిపోవడానికి అది సరిపోతుందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. జరిగినదీ అదే: 1992కూ 2007కూ మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందుల సంఖ్య 99.9 శాతం పడిపోయింది. జత పక్షులు ఏడాదికి ఒక్క గుడ్డే పెడతాయి, పిల్ల పెరిగి తాను గూడు కట్టడానికి సుమారు ఐదేళ్ళు పడుతుంది. అందువల్ల పోయినంత వేగంగా తిరిగి రావడం వాటి వల్ల కాదు.

విశాఖలో రాబందు కనిపించడమే అరుదు కదా, ఇక్కడ జాగ్రత్తపడి ఏం లాభమని అడుగుతారు. రాబందు ఒక్క రోజులో వంద కిలోమీటర్లకు పైగా తిరగగలదు, దానికి జిల్లా సరిహద్దులు తెలియవు. మన పశువులు సంతల ద్వారా ఎక్కడెక్కడికో చేరతాయి, నగరంలోని టోకు దుకాణాల మందులు చుట్టుపక్కల మండలాలకూ మన్యానికీ వెళ్తాయి. రాబందు మళ్ళీ వచ్చి వాలే నాటికి ఈ నేల దానికి క్షేమంగా ఉండాలంటే, అది రాకముందే పని జరగాలి.

1.2 సిద్ధం చేసుకోవలసినవి

☐ పశువుల సాలలో మేకుకు వేలాడదీసే ఒక చిన్న పుస్తకం, పెన్ను.
☐ రెండో భాగంలో ఇచ్చిన మందుల పేర్లు పెద్ద అక్షరాలతో రాసిన ఒక అట్ట.
☐ మీ ఊరి పశువైద్యశాల, రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుల ఫోన్ నంబర్లు.
☐ సంచార పశువైద్య వాహనాన్ని పిలిచే 1962 నంబరు. దీనికి ఖర్చు లేదు.
☐ మీ ప్రాంతపు అటవీ సెక్షన్ కార్యాలయం నంబరు. ఇది ముందే రాసిపెట్టుకోవాలి. పక్షి నేల మీద పడి ఉన్నప్పుడు వెతకడానికి సమయం ఉండదు.

2. మందుల పెట్టెను సరిచేయడం

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదవగలిగే తీరిక ఉన్నవారు ఇదే చదవాలి.

2.1 ఏ మందు వద్దు, ఏ మందు కావాలి

పశువులకు వాడకూడదని కేంద్ర ప్రభుత్వం నిషేధించిన నొప్పిమందులు నాలుగు. డైక్లోఫెనాక్ పశువుల మందుగా తయారు చేయడాన్ని 2006లో ఆపించారు, 2008లో గెజిట్ ప్రకటనతో నిషేధం గట్టిపడింది. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులను 2023 జూలైలో, నిమెసులైడ్‌ను 2024 డిసెంబరులో పశువులకు నిషేధించారు. వీటిలో ఎసిక్లోఫెనాక్ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. పశువు ఒంట్లోకి వెళ్ళాక అది డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. పేరు వేరైనా ఫలితం ఒక్కటే.

ఫ్లునిక్సిన్, కార్ప్రొఫెన్ అనే మందుల మీద కూడా రాబందులకు హాని చేస్తాయన్న బలమైన అనుమానాలు ఉన్నాయి. మరో మార్గం ఉన్నప్పుడు వాటి జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

రాబందులకు క్షేమమని పరీక్షల్లో తేలినవి రెండు: మెలాక్సికామ్, టోల్ఫెనామిక్ ఆమ్లం. పశువు నొప్పినీ జ్వరాన్నీ తగ్గించడానికి ఇవి పనికివస్తాయి కాబట్టి, రాబందు కోసం పశువును బాధపెట్టవలసిన అవసరం ఎంతమాత్రం లేదు. మోతాదు మాత్రం పశువైద్యుడే నిర్ణయించాలి. అందుకే ఇక్కడ లెక్కలు ఇవ్వడం లేదు.

2.2 సీసా చదివే పద్ధతి

పెద్ద అక్షరాల్లో ఉండే వ్యాపార నామాన్ని చూసి మోసపోకండి. దాని కింద చిన్న అక్షరాల్లో, ప్రతి మిల్లీలీటరులో ఏ మందు ఎంత ఉందో రాసిన వరుస ఉంటుంది. చదవవలసినది ఆ వరుసే.

1) ఫోనుతో ఆ వరుసను ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. ఆంగ్లంలోనే ఉంటుంది కాబట్టి ఇంట్లో చదువుకునే పిల్లల చేత చదివించండి.

2) రెండు మూడు మందులు కలిపిన సీసా అయితే ప్రతి పేరునూ విడిగా చూడండి. పారాసెటమాల్‌తో కలిపి మెలాక్సికామ్ అమ్ముతారు, అదే తరహాలో నిమెసులైడ్ కలిపినవీ వచ్చాయి. మొదటి పేరు చూసి ఆగిపోతే రెండోది దాటిపోతుంది.

3) "పశువులకు వాడరాదు" అన్న హెచ్చరిక ఉందేమో చూడండి. ఉంటే అది మనుషుల మందు.

4) తయారీ తేదీ చూడండి. నిషేధానికి ముందు కొన్న పాత సీసాలు సాలలోని గూట్లో ఇంకా ఉండవచ్చు.

2.3 మనుషుల మందు పశువుకు వెళ్ళే దారి

నిషేధం తరువాత కూడా డైక్లోఫెనాక్ పశువుల దాకా రావడానికి ముఖ్యమైన కారణం, మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు. దాన్ని అడ్డుకోవడానికే 2015లో మనుషుల డైక్లోఫెనాక్ ఇంజెక్షన్‌ను 3 మిల్లీలీటర్ల ఒకే మోతాదు సీసాగా మాత్రమే అమ్మాలని నిబంధన తెచ్చారు. దానిపై వచ్చిన సవాలును మద్రాసు హైకోర్టు 2017లో తోసిపుచ్చింది. అయినా ఒకేసారి అయిదారు చిన్న సీసాలు కొని గేదెకు ఎక్కించేవారు ఉన్నారు.

మా బంధువుల ఇంట, పద్మనాభం వైపు ఒక పల్లెలో, ఈనిన గేదెకు పొదుగువాపు వచ్చి జ్వరం కాసింది. దుకాణంలో "జ్వరం సూది" అని అడిగితే మనుషులకు వేసే డైక్లోఫెనాక్ సీసాలు కాగితంలో చుట్టి ఇచ్చారు. చీటీ అడగలేదు, బిల్లు ఇవ్వలేదు. గేదె కోలుకుంది గనుక ఆ కథ అక్కడితో ఆగింది. ఆ రాత్రే చనిపోయి ఉంటే, తెల్లవారేసరికి దాన్ని ఊరి చివర గెడ్డ ఒడ్డున పడేసి ఉండేవారు. తప్పు చేస్తున్నామని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ పని అంతా ఆ తెలియనితనం చుట్టూ తిరుగుతుంది గనుక, ఎవరినీ నిందించకుండా మాట్లాడడం నేర్చుకోవాలి.

2.4 వైద్యుడినీ దుకాణదారునూ అడిగే తీరు

సూది వేయించే ముందు ఈ మూడు మాటలు అడగండి: ఇది ఏ మందు? ఇందులో నిషేధించినవి ఏమైనా ఉన్నాయా? మెలాక్సికామ్ గానీ టోల్ఫెనామిక్ ఆమ్లం గానీ రాయగలరా? గోపాలమిత్ర (ఊళ్ళో పశువులకు ప్రాథమిక సేవలందించే కార్యకర్త) వచ్చినా, ఊళ్ళో తిరిగి సూదులు వేసే అనుభవజ్ఞుడు వచ్చినా ఇవే ప్రశ్నలు.

పెద్దవాళ్ళతో ఈ సంభాషణ ఇలా నడుస్తుంది. "నిన్న ఆ సూదితోనే లేచి నిలబడింది బాబూ, ఇప్పుడది వద్దంటే ఎలాగ?" అంటారు. "సూది మానొద్దు బాబాయ్, మందు మారుద్దాం. నొప్పి దీనితోనూ తగ్గుతుంది, డాక్టరు గారినే అడుగుదాం రండి" అనాలి. రాబందుల పతనం గురించిన ఉపన్యాసం అక్కడ పనిచేయదు. పశువు బాగవుతుందన్న భరోసా ముందు దొరకాలి, మిగతా మాట తరువాత చెప్పవచ్చు.

దుకాణంలో ప్రతిసారీ బిల్లు అడిగి తీసుకోండి. దాని మీద మందు పేరు, బ్యాచ్ నంబరు ఉండాలి. నిషేధిత మందును పశువుల కోసమని తెలిసి కూడా అమ్ముతుంటే, బిల్లు, సీసా ఫొటో, తేదీ జతచేసి ఔషధ నియంత్రణ అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. అంతకన్నా ముందు ఒకసారి మందుల జాబితా చేతికిచ్చి మర్యాదగా చెప్పి చూడాలని నా అభిప్రాయం. ఏ మందు ఎప్పుడు నిషేధమయిందో అందరు దుకాణదారులకూ తెలిసి ఉంటుందని అనుకోవడానికి లేదు.

2.5 ఇక్కడ జరిగే పొరపాట్లు, వాటి సవరణ

నొప్పిమందులన్నీ విషమేనని భయపడి పశువుకు ఏ మందూ వేయించకపోవడం మొదటి పొరపాటు. జ్వరంతో మేత మానేసిన పశువుకు వైద్యం ఆపడం క్రూరత్వం. మందు పేరు మార్చితే చాలు.

మిగిలిన సీసాలను గెడ్డలోనో చెత్తకుప్పలోనో పారవేయడం రెండోది. వాటిని మూత తీయకుండా ఒక డబ్బాలో పెట్టి పశువైద్యశాలలో చూపించి, ఎలా పారవేయాలో అక్కడే అడగండి.

నిషేధిత మందు ఇప్పటికే వేసేశారని ఆలస్యంగా తెలిస్తే కంగారు అక్కర్లేదు. తేదీ, మందు పేరు సాలలోని పుస్తకంలో రాసి, పశువు పేరు చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి ఆ పేజీకి గుర్తు పెట్టండి. వారం లోపల ఆ పశువు చనిపోతే కళేబరాన్ని తప్పనిసరిగా పూడ్చాలి. పుస్తకం ఎందుకంటే ఇందుకే. మందు వేయించినవారు ఒకరు, కళేబరం తరలించేవారు మరొకరు అయినప్పుడు ఈ సంగతి మాటగా అందదు.

3. పశువు చనిపోయినప్పుడు

3.1 మొదటి గంటలో వేసుకోవలసిన ప్రశ్నలు

కళేబరాన్ని కదిలించే ముందు ఈ వరుసలో ఆలోచించండి.

1) చావు హఠాత్తుగా వచ్చిందా? ముక్కు, నోరు, మలద్వారం నుంచి నల్లని, గడ్డకట్టని రక్తం కారుతోందా? అయితే అది దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్ కావచ్చు. విశాఖ మన్యంలో ఈ రోగం గతంలో మనుషులకు కూడా సోకింది. కళేబరాన్ని కోయవద్దు, తోలు తీయవద్దు, ఈడ్చవద్దు, మాంసం ఎవరూ తినవద్దు. కుక్కలను దూరంగా ఉంచి వెంటనే పశువైద్యుడిని పిలవండి. ఆ తరువాత ఏం చేయాలో ఆయన చెప్పినట్టే చేయాలి.

2) గత వారంలో నొప్పిమందు వేశారా? అది క్షేమమైన రెండు మందుల్లో ఒకటని కచ్చితంగా తెలియకపోతే, నిషేధిత మందే వేసినట్టు భావించి పూడ్చండి.

3) విషం తిన్న అనుమానం ఉందా? పురుగుమందు డబ్బా, నురగ, పక్కనే చచ్చిపడిన కాకులు, కుక్కలు కనిపిస్తే పశువైద్యుడికీ, అటవీ సిబ్బందికీ చెప్పకుండా కళేబరాన్ని కదపవద్దు.

4) పై మూడూ లేవా? అప్పుడు కూడా విశాఖ నగరంలోనూ చుట్టుపక్కలా కళేబరాన్ని ఆరుబయట వదలకూడదు. కారణం కింద చెబుతాను.

3.2 పూడ్చే పద్ధతి

గొయ్యి కనీసం ఆరడుగుల లోతు ఉండాలి. బావికీ, గెడ్డకూ, చెరువుకూ దూరంగా, వాన నీరు నిలవని మెరక మీద తవ్వాలి. జేసీబీ దొరికితే పని గంటలో అయిపోతుంది. ఊళ్ళో నలుగురు పాడి రైతులు కలిసి ఏడాదికి ఇంత అని ముందే చందా వేసుకుంటే ఆ ఖర్చు ఎవరికీ భారం కాదు. మట్టి కప్పాక పైన ముళ్ళ కంపో బరువైన రాళ్ళో వేస్తే కుక్కలు తవ్వవు.

నగర పరిధిలో ఉన్నవారు నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పారిశుధ్య విభాగానికి గానీ, వార్డు సచివాలయంలో గానీ చెప్పి తరలింపజేయాలి. చెప్పేటప్పుడు పశువుకు ఏ మందు వేశారో కూడా చెప్పండి.

సింహాచలం అప్పన్నకు కోడెదూడను మొక్కుగా సమర్పించే ఆచారం మన ప్రాంతంలో ఉంది, చుట్టుపక్కల చిన్నా పెద్దా గోశాలలూ ఉన్నాయి. పశువులు ఎక్కువగా ఉండే ఏ చోటనైనా మందుల వాడకమూ, మరణాలూ ఎక్కువే. గోశాలకు విరాళం ఇచ్చేవారు గడ్డితో పాటు మెలాక్సికామ్ సీసాలు కూడా, అక్కడి పశువైద్యుడిని అడిగి, ఇవ్వగలిగితే ఎంతో మేలు.

3.3 ఆరుబయట ఎందుకు వదలకూడదు

రాబందుల కోసం కళేబరం బయట ఉంచాలనే కోరిక పాఠకుల ఉత్తరాల్లో తరచూ కనిపిస్తుంది. మన ప్రాంతంలో అది ఇప్పటికి తగదు. విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కళేబరాలనూ చెత్తనూ ఆరుబయట వేయడం నిబంధనలకు విరుద్ధం, ఎందుకంటే పైకి లేచే గద్దలు విమానాలకు తగులుతాయి. పల్లెలో వేస్తే రాబందు రాదు, వీధికుక్కలు వస్తాయి. గుంపు పెరుగుతుంది, దానితో పాటు రేబిస్ భయమూ పెరుగుతుంది.

రాబందులకు మేత పెట్టడమనేది అవి గూళ్ళు కట్టుకున్న చోట, అటవీ శాఖ ఆధ్వర్యంలో, మందు లేదని నిర్ధారించుకున్న పశువులతో జరగవలసిన పని. తెలంగాణలో బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందులు గూళ్ళు పెట్టిన సంగతి 2013లో వెలుగులోకి వచ్చింది. అటువంటి చోట్ల ఈ మాటకు అర్థం ఉంది.

4. విషం పెట్టనివ్వకపోవడం

కుక్కల బెడదకో, దూడను ఎత్తుకుపోయిన చిరుతపులి మీది కోపానికో కొందరు మాంసంలో కార్బోఫ్యూరాన్ వంటి గుళికలు కలిపి పెడతారు. ఆ మాంసం మీద మొదట వాలేది పక్షులే, ఒక్క పూటలో గుంపంతా పోతుంది.

చిరుత పశువును చంపితే చేయవలసిన పని ఇది: కళేబరాన్ని కదపకుండా ఫొటోలు తీయండి, అటవీ సిబ్బందికి ఫోన్ చేయండి, పశువైద్యుడి ధ్రువపత్రంతో నష్టపరిహారానికి దరఖాస్తు పెట్టండి. కంబాలకొండ అభయారణ్యం అంచు గ్రామాలవారు ఈ వరుసను ముందే తెలుసుకుని ఉండాలి, ఎందుకంటే కోపం వచ్చిన రోజున చేతికి అందేది గుళికల సంచే.

5. చెట్టు, కొండచరియ, కరెంటు తీగ

తెల్లవీపు రాబందు ఎత్తైన చెట్ల మీద గూడు కడుతుంది. పొడుగుముక్కు రాబందు కొండచరియల అంచుల మీద కడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో లెక్కలేనన్ని చెట్లను కూల్చాక, వాటి చోట త్వరగా పెరిగే అలంకార మొక్కలు చాలా నాటారు. అవి నీడ ఇస్తాయేమో గానీ పెద్ద పక్షి బరువును మోయవు.

☐ మీ పొలం గట్టున, గుడి దగ్గర, చెరువు గట్టున ఉన్న మర్రి, రావి, మద్ది, చింత వంటి పాత చెట్లను లెక్కించి ఫొటోలు తీసి ఉంచండి. కొత్తగా వంద నాటడం కన్నా ఉన్న పదింటిని నిలబెట్టడం ముఖ్యం.
☐ చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. గొడ్డలి శబ్దం వినపడితే మొదట అడగవలసినది అనుమతి పత్రమే.
☐ నాటదలచినవారు స్థానిక జాతులే నాటండి. మూడేళ్ళు నీళ్ళు పోసి, మేకల నుంచి కాపాడే మనిషి ఎవరో తేలాకే గొయ్యి తీయండి.
☐ అక్టోబరు నుంచి ఏప్రిల్, మే దాకా రాబందులకు గూళ్ళ కాలం. కొండల మీదికి వెళ్ళేవారు నిటారు చరియల దగ్గర డ్రోన్లు ఎగరేయడం, టపాసులు కాల్చడం, తాళ్ళతో ఎక్కడం మానాలి. బెదిరిన తల్లి గూడు వదిలితే ఆ ఏటి ఒక్కగానొక్క గుడ్డు పోయినట్టే.
☐ కొండను తొలిచే క్వారీ కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే వెళ్ళి, అక్కడి చరియల మీద ఏ పక్షులు గూళ్ళు పెడతాయో తేదీలతో, ఫొటోలతో రాతపూర్వకంగా ఇవ్వండి. ఆవేశపు ప్రసంగం కన్నా ఆ కాగితానికే విలువ ఎక్కువ.
☐ కరెంటు స్తంభం కింద పెద్ద పక్షులు చచ్చిపడి కనిపిస్తే స్తంభం నంబరుతో సహా విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌కు ఫిర్యాదు చేయండి. తీగలకు తొడుగు వేయమని స్పష్టంగా అడగండి.
☐ సంక్రాంతికి గాజుపొడి పూసిన మాంజా, నైలాన్ మాంజా కొనవద్దు. చెట్లకు చిక్కిన దారాన్ని పండగ మరునాడే తీయించండి.

6. రాబందును గుర్తుపట్టడం, నమోదు చేయడం

6.1 విశాఖలో పొరబడే పక్షులు

చేపల రేవు మీద గుంపులుగా తిరిగేవాటిని చాలామంది రాబందులనుకుంటారు. అవి గద్దలు. నల్లగద్ద తోక చివర చేపతోకలా కాస్త చీలి ఉంటుంది. గరుడపక్షికి తల, రొమ్ము తెల్లగా, మిగతా ఒళ్ళు ఇటుక రంగులో ఉంటాయి.

ఎక్కువ తికమక పెట్టేది తెల్లపొట్ట సముద్రపు గద్ద. యారాడ, రుషికొండ వైపు తీరంలో కనిపించే ఈ పెద్ద పక్షికి కింది భాగం తెల్లగా, రెక్కల అంచులు నల్లగా ఉంటాయి కాబట్టి దాన్ని ఈజిప్టు రాబందు అనుకునే వీలుంది. తేడా ముఖంలో, రెక్కల తీరులో ఉంది. గద్దకు తల నిండా ఈకలు ఉంటాయి, ఎగిరేటప్పుడు రెక్కలను పైకెత్తి పట్టుకుంటుంది. ఈజిప్టు రాబందు ముఖం ఈకలు లేకుండా పసుపుపచ్చగా, ముక్కు సన్నగా పొడుగ్గా ఉంటుంది, రెక్కలను దాదాపు సమంగా చాస్తుంది.

తెల్లవీపు రాబందు రెక్కలు చాస్తే సుమారు రెండు మీటర్లు. కింద నుంచి చూస్తే రెక్క ముందు సగం తెల్లగా, వెనక సగం నల్లగా కనిపిస్తుంది. తోక పొట్టిగా, తల చిన్నగా ఉంటుంది. చలికాలంలో దారి తప్పి దక్షిణాదికి వచ్చే హిమాలయ రాబందు పిల్లలు ఇంతకన్నా చాలా పెద్దవి.

6.2 చూసే వేళ, రాసే పద్ధతి

రాబందులు వేడిగాలి పైకి లేచేదాకా ఎగరవు కాబట్టి తెల్లవారుజామున వెళ్ళి ఆకాశం చూడడం వృథా. ఉదయం తొమ్మిదిన్నర దాటాక, ఎదురుగా కొండల వరుస కనిపించే చోట నిలబడి గంటసేపు చూడండి. ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపే మామూలు బైనాక్యులర్ చాలు.

తేదీ, వేళ, చోటు, సంఖ్య, ఏ దిక్కుకు వెళ్ళిందో రాయండి. ఫొటో ఎంత మసకగా ఉన్నా ఉంచండి. రెక్కల కింది వైపు కనిపించే ఒక్క చిత్రం పది వర్ణనలకు సమానం. పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ అనే వెబ్‌సైటులో నమోదు చేస్తే పరిశోధకులకు అందుతుంది. గంట చూసి ఒక్క రాబందూ కనిపించకపోతే, ఆ గంటలో చూసిన పక్షులన్నిటి జాబితా పూర్తిగా ఇవ్వండి. రాబందు లేదన్న సమాచారం కూడా లెక్కకు పనికివస్తుంది.

గూడు కనిపిస్తే మాత్రం దాని చోటును వాట్సాప్ గుంపుల్లో గానీ, ఫేస్‌బుక్‌లో గానీ పెట్టవద్దు. నేరుగా అటవీ శాఖకు చెప్పండి. ఇష్టంతోనే అయినా వందమంది కెమెరాలతో వస్తే ఆ గూడు నిలవదు.

7. నేల మీద పడి ఉన్న రాబందు

మెడ వేలాడేసి గంటల తరబడి కదలకుండా కూర్చున్న రాబందుకు ఒంట్లో బాగాలేదని అనుమానించాలి.

1) మనుషులనూ కుక్కలనూ దూరంగా ఉంచండి. సెల్ఫీల గుంపే దానికి సగం ప్రాణం తీస్తుంది.

2) అటవీ శాఖకు ఫోన్ చేసి చోటును కచ్చితంగా చెప్పండి. సిబ్బంది రావడానికి ఎంతసేపు పడుతుందో అడగండి.

3) ప్రమాదకరమైన చోట, అంటే రోడ్డు మీదనో పట్టాల మీదనో ఉంటే తప్ప ముట్టుకోవద్దు. తప్పనిసరైతే మందమైన చేతి తొడుగులు వేసుకుని, పాత దుప్పటి మీద కప్పి, రెక్కలను ఒంటికి ఆనించి ఎత్తి, గాలి ఆడే పెద్ద అట్టపెట్టెలో చీకటిగా ఉంచండి. కంగారులో అది తిన్నది కక్కుతుంది. ముఖం దూరంగా పెట్టుకోండి.

4) నోట్లో నీళ్ళు పోయవద్దు, మాంసం పెట్టవద్దు, పసుపు గానీ ఏ లేపనం గానీ పూయవద్దు.

5) ఇంట్లో ఉంచి బాగుచేయాలని చూడవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోని రాబందు జాతులను దయతోనైనా దగ్గర ఉంచుకోవడం నేరమవుతుంది.

చనిపోయిన రాబందు కనిపిస్తే పూడ్చేయకండి, కాల్చేయకండి. చుట్టుపక్కల ఏ కళేబరం ఉందో చూసి, రెంటినీ ఫొటోలు తీసి, అటవీ సిబ్బంది వచ్చేదాకా నీడ కల్పించి కాపలా ఉండండి. శవపరీక్ష త్వరగా జరిగితేనే అది మందు వల్ల పోయిందా, విషం వల్ల పోయిందా, తీగ తగిలి పోయిందా అన్నది తేలుతుంది. ఎండలో ఒక్క పగలు గడిస్తే ఆ అవకాశం చేజారుతుంది.

8. ఊరిని, కళాశాలను కలుపుకోవడం

ఏటా సెప్టెంబరు మొదటి శనివారం అంతర్జాతీయ రాబందుల అవగాహన దినం. ఆ రోజు చిత్రలేఖన పోటీలు పెట్టడం తేలిక. వాటి బదులు విద్యార్థులు జట్లుగా తమ మండలంలోని పశువుల మందుల దుకాణాలకు వెళ్ళి, తామెవరో చెప్పి, అనుమతి అడిగి, నొప్పిమందుల అరలో ఏ పేర్లున్నాయో రాసుకుని రావాలని నా సూచన. దొంగచాటుగా కొని పట్టించే ప్రయత్నాలు వద్దు. ఒకసారి నమ్మకం పోతే మరుసటి ఏడు తలుపు తెరవరు.

☐ దుకాణానికి ఒక సంఖ్య ఇవ్వండి, పేరు బయటపెట్టవద్దు.
☐ నిషేధించిన నాలుగు, క్షేమమైన రెండు, అనుమానం ఉన్న రెండు: ఈ ఎనిమిదింటిలో ఏవి ఉన్నాయో మాత్రమే గుర్తించండి.
☐ క్షేమమైన మందు అరలో లేకపోతే ఎందుకు లేదో అడగండి. ఎవరూ రాయడం లేదా, ధర ఎక్కువా, సరఫరా లేదా అన్నది తెలిస్తేనే పశువైద్యులతో తరువాతి మాట మాట్లాడగలం.
☐ వచ్చిన వివరాలను పశుసంవర్ధక శాఖ కార్యాలయంలో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

మరుసటి ఏడాది అదే నెలలో, అవే దుకాణాలకు, అవే ప్రశ్నలతో మళ్ళీ వెళ్ళాలి. మొదటి ఏడాది జట్టులోని ఇద్దరైనా రెండో ఏడాదీ ఉండేటట్టు చూసుకోండి. దుకాణదారు ముఖం గుర్తుపట్టి పలకరిస్తే సగం పని అక్కడే అవుతుంది.